పోస్ట్‌పార్టమ్ సైకోసిస్ ఎవరికి వస్తుంది? డాక్టరుకి చెప్పకుండా దాచే ఆ మాట గురించి

కాన్పయి ఆరో రోజు. పసివాడు పడుకున్నాడు, ఇల్లంతా పడుకుంది, బాలింత మాత్రం మంచం మీద కూర్చునే ఉంది. "కాసేపు నడుం వాల్చవే" అని తల్లి అంటే "నాకు నిద్ర రావట్లేదమ్మా, అలసట కూడా లేదు" అంటుంది. నిన్నటి నుంచి మాటలో వేగం పెరిగింది. ఒక సంగతి మొదలుపెట్టి, అది తేలకముందే ఇంకో సంగతిలోకి దూకేస్తోంది. తెల్లవారాక తల్లిని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, "వీడు మన బాబు కాదే, ఆసుపత్రిలో మార్చేశారు" అంది. మధ్యాహ్నానికి మళ్లీ మామూలు మనిషి. పథ్యం అన్నం తింది, పాలిచ్చింది, ఫోన్‌లో ఆడపడుచుతో నవ్వుతూ మాట్లాడింది. నిద్రలేక ఏదో వాగిందిలే అనుకున్నారు అందరూ. చీకటి పడేసరికి మళ్లీ మొదలు. ఒకరు దిష్టి అన్నారు, ఇంకొకరు గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. అలా మూడు రోజులు పోయాయి.

ఇది ఏ ఒక్కరి కథా కాదు. ఈ జబ్బు వచ్చిన ఇళ్లలో మొదటి వారం ఇంచుమించు ఇలాగే గడుస్తుంది. దీని పేరు పోస్ట్‌పార్టమ్ సైకోసిస్. కాన్పు తర్వాత రోజుల వ్యవధిలో మనసు అదుపు తప్పే తీవ్రమైన జబ్బు ఇది. లేనివి ఉన్నట్టు నమ్మడం, వినపడని మాటలు వినపడటం, విపరీతమైన ఉత్సాహం లేదా విపరీతమైన భయం, అంతా అయోమయం. ఈ లక్షణాలు గంట గంటకీ మారిపోతుంటాయి. పొద్దున బాగుండి రాత్రికి తిరగబడటం ఈ జబ్బు స్వభావం. తగ్గిపోయిందని ఇంట్లోవాళ్లు పొరబడేది కూడా అందువల్లే.

ఎంతమందికి వస్తుంది అంటే, వెయ్యి కాన్పులకి 1 నుంచి 2. వినడానికి తక్కువే. కానీ ఏడాదికి 5,000 కాన్పులు చేసే పెద్ద ఆసుపత్రిని తీసుకుంటే 5 నుంచి 10 మంది బాలింతలన్న మాట. నెలా రెండు నెలలకొకరు. లేబర్ వార్డులో పనిచేసే ప్రతి నర్సూ తన సర్వీసులో ఇలాంటి తల్లిని ఎక్కడో ఒకచోట చూసే ఉంటుంది.

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. కాన్పు తర్వాత మనసుకి వచ్చే ఇబ్బందులన్నిటినీ మనం ఒకే గాటన కడుతున్నాం. మూడో రోజో నాలుగో రోజో ఊరికే ఏడుపు రావడం, చిన్న మాటకే కళ్లు నిండటం సగానికి పైగా బాలింతల్లో ఉంటుంది. దాన్ని బేబీ బ్లూస్ అంటారు, రెండు వారాల్లోపు దానంతటదే పోతుంది. డిప్రెషన్ వేరు. అది నెమ్మదిగా కమ్ముకుంటుంది, నెలల తరబడి ఉంటుంది. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2017లో లెక్క చూస్తే 22 శాతం తల్లుల్లో అది కనిపించింది. సైకోసిస్ ఈ రెండిటికీ ముదిరిన రూపం కాదు, దాని దారే వేరు. డిప్రెషన్‌కి కారణాలని మనం చెప్పుకునేవాటిలో చాలావాటికి ఇక్కడ పెద్దగా చోటు లేదు. ఈ తేడా పట్టుకోకపోతే ప్రమాదం ఎవరికి ఎక్కువన్న ప్రశ్నకి సమాధానం మొదట్లోనే తప్పుతుంది.

అన్నిటికంటే బరువైన సమాచారం రెండు ముక్కల్లో ఉంది. ఆ మనిషికి ఇంతకుముందు బైపోలార్ డిజార్డర్ (కొన్నాళ్లు పట్టరాని హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు మారి మారి వచ్చే జబ్బు) ఉందా? ముందు కాన్పులో ఇలాగే జరిగిందా? బైపోలార్ ఉన్న స్త్రీలలో సుమారు 5 మందిలో ఒకరికి కాన్పు తర్వాత సైకోసిస్ వస్తుంది. వెయ్యికి ఒకటీ రెండూ ఎక్కడ, 5లో ఒకటి ఎక్కడ! గతంలో ఒకసారి పోస్ట్‌పార్టమ్ సైకోసిస్ వచ్చినవాళ్లకి తర్వాతి కాన్పులో మళ్లీ వచ్చే అవకాశం దాదాపు సగానికి సగం. బైపోలార్ ఉండి, దానికి తోడు తల్లికో అక్కచెల్లెళ్లకో కాన్పు తర్వాత ఇలా జరిగిన చరిత్ర కూడా ఉంటే, ఆ లెక్క కూడా సగం దగ్గరికే వస్తుంది. వైద్యంలో ఇంత స్పష్టంగా ముందే వేలెత్తి చూపించగలిగిన మానసిక జబ్బులు ఎక్కువ లేవు. ఎప్పుడు వస్తుందో కూడా తెలుసు: ఎక్కువమందిలో మొదటి రెండు వారాల్లోనే. తుపాను ఏ తీరానికి, ఏ రోజుల్లో వస్తుందో ముందే చెప్పేసినట్టు.

మరి అంత తెలిసీ ఎందుకు ఆపలేకపోతున్నాం? నా ఉద్దేశంలో దీనికి జవాబు ఆసుపత్రిలో కంటే పెళ్లిచూపుల దగ్గర దొరుకుతుంది.

అమ్మాయికి ఇంటర్‌లోనో బీటెక్‌లోనో ఒకసారి జబ్బు చేసి ఉంటుంది. నెల రోజులు నిద్ర లేకుండా, పట్టరానంత హుషారుగా, డబ్బు మంచినీళ్లలా ఖర్చుపెడుతూ తిరిగి ఉంటుంది. ఊళ్లో ఎవరికీ తెలియకుండా వేరే ఊరు తీసుకెళ్లి చూపించారు, మాత్రలతో తగ్గింది. ఆ ఫైలు బీరువా అడుగుకి చేరింది. సంబంధం వచ్చినప్పుడు చెప్పలేదు. చెబితే పెళ్లి కాదన్న భయం అబద్ధమూ కాదు. పెళ్లయ్యాక మాత్రలు విటమిన్ల డబ్బాలోకి మారాయి. కడుపు పండింది. గైనకాలజిస్టు గదిలో భర్తా అత్తగారూ పక్కనే ఉన్నారు. "ఇంతకుముందు ఏమైనా జబ్బులున్నాయా?" అని డాక్టరు అడిగితే అమ్మాయి నోరు తెరిచేలోపే తల్లి అందుకుంటుంది: "షుగర్ లేదు, బీపీ లేదు, మా అమ్మాయికి ఏమీ లేదండీ."

అక్కడితో 5లో ఒకటి అన్న ప్రమాదం కాగితం మీద వెయ్యిలో ఒకటిగా మారిపోయింది. డాక్టరుకి తెలిసే దారి లేదు. ఆ తల్లిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఆమె కూతురి కాపురాన్ని కాపాడుతున్నాననుకుంటోంది. కానీ ప్రమాద కారణాల జాబితా రాసేవాళ్లు జన్యువులు, హార్మోన్లు అని రాస్తారు తప్ప ఈ మాట రాయరు. మన దగ్గర మాత్రం దీన్ని రాయాలి.

మాత్రల సంగతి ఇంకా ముఖ్యం. నెల తప్పిందని తెలియగానే చాలామంది చేసే మొదటి పని, వేసుకుంటున్న మానసిక వైద్యం మాత్రలు ఒక్కసారిగా ఆపేయడం. బిడ్డకి ఏమవుతుందో అన్న భయం. ఆ భయంలో సగం నిజముంది. బైపోలార్‌కి వాడే వాల్ప్రోయేట్ అనే మందు గర్భంలో నిజంగానే ప్రమాదం. బిడ్డ వెన్నుపాము లోపాలకీ, తర్వాత తెలివితేటలు తగ్గడానికీ దారితీస్తుంది. పిల్లల్ని కనే వయసులో ఉన్న స్త్రీలకి అది ఇవ్వకూడదని వైద్యులు గట్టిగా చెప్పేది అందుకే. కానీ ఆ ఒక్క మందు మీదున్న మాటని అన్ని మందులకీ అంటగట్టి, ఎవరినీ అడక్కుండా మొత్తం ఆపేస్తే ఏమవుతుంది? బైపోలార్ ఉన్న గర్భిణుల మీద జరిగిన అధ్యయనాలను 2016లో కలిపి చూశారు. గర్భంలో మందులేవీ వాడనివాళ్లలో 66 శాతం మందికి కాన్పు తర్వాత జబ్బు తిరగబడింది. వాడినవాళ్లలో 23 శాతం. ఇది సైకోసిస్ ఒక్కదాని లెక్క కాదు, డిప్రెషన్, మేనియా (అంటే ఆ పట్టరాని హుషారు దశ) అన్నీ కలిపిన లెక్క. అయినా తేడా మూడు రెట్లకి దగ్గర్లో ఉంది. ఏ మందు మార్చాలి, ఏది తగ్గించాలి, ఏది కొనసాగించాలి అన్నది పిల్లలు కావాలనుకున్నప్పుడే, అంటే నెల తప్పకముందే, సైకియాట్రిస్టుతో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. బైపోలార్‌కే ఇచ్చే లిథియం అనే మందు వాడేవాళ్లకైతే గర్భం పెరిగేకొద్దీ రక్తంలో దాని మోతాదు పడిపోతుంది, కాన్పు కాగానే మళ్లీ పెరుగుతుంది. అందుకని ఆ నెలల్లో రక్తపరీక్షలు తరచూ చేయించాలి.

బైపోలార్ ఉందని ఎవరూ ఎప్పుడూ చెప్పని మనుషుల మాటేమిటి? పోస్ట్‌పార్టమ్ సైకోసిస్ వచ్చినవాళ్లలో సుమారు సగం మందికి అంతకుముందు ఏ మానసిక జబ్బూ ఉండదు. అందుకే "మా వంశంలో ఎవరికీ లేదు, మాకెందుకొస్తుంది" అన్న ధీమా పనికిరాదు. కొందరిలో పాత జబ్బు ఉండే ఉంటుంది గానీ దానికెవరూ పేరు పెట్టి ఉండరు. రెండేళ్ల కింద నెలరోజులు డిప్రెషన్ మాత్రలు వాడింది, అంతే తెలుసు. అంతకుముందు ఒకసారి పది రోజులు మూడు గంటలే పడుకుని, అయినా అలసట లేకుండా, మాటల ప్రవాహంలా ఉందన్న సంగతి ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. అడగాల్సిన ప్రశ్న అదే. డిప్రెషన్ వచ్చిందా అని అడిగితే సరిపోదు, దానికి వ్యతిరేకంగా ఎప్పుడైనా ఉన్నారా అని అడగాలి.

కుటుంబ చరిత్ర దగ్గర అంకెలు జనాన్ని భయపెడతాయి, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. స్వీడన్‌లో పుట్టుకల రిజిస్టర్లు, ఆసుపత్రి రికార్డులు కలిపి 16 లక్షల మందికి పైగా స్త్రీల వివరాలు పరిశీలించారు. తోబుట్టువుకి ఈ జబ్బు వచ్చి ఉంటే, సొంత అక్కచెల్లెళ్లకి అది వచ్చే అవకాశం 10 రెట్లు ఎక్కువని తేలింది. పేపర్లో "10 రెట్లు" అని పెద్దక్షరాల్లో చదివిన చెల్లెలు పిల్లలే వద్దనుకుంటుంది. కానీ దేనికి పది రెట్లు? అక్కడ మామూలుగా వచ్చేది 0.15 శాతం. దానికి పది రెట్లంటే 1.6 శాతం దాకా. అంటే అక్కకి వచ్చినా, చెల్లెళ్లు వందమందిలో 98 మందికి రాదు. అయినా ఆ సంగతి గైనకాలజిస్టుకి చెప్పి, కాన్పు తర్వాత రెండు వారాలు ఓ కన్నేసి ఉంచడానికి ఆ 1.6 శాతం చాలు. ఎన్ని రెట్లు అన్న మాట వినగానే "వందకి ఎంతమంది" అని ఎదురు అడగడం అలవాటు చేసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

మన ఇళ్లలో ఈ చరిత్ర తవ్వడం మాత్రం తేలిక కాదు. "మీ అమ్మమ్మకి సైకోసిస్ వచ్చిందా" అంటే ఎవరికి తెలుస్తుంది? వేరేలా అడగాలి. కాన్పయ్యాక కొన్నాళ్లు బిడ్డని ముట్టుకోనివాళ్లు ఎవరైనా ఉన్నారా? బాలింతగా ఉన్నప్పుడు దయ్యం పట్టిందని ఏ గుడికో దర్గాకో తీసుకెళ్లినవాళ్లు? పురుట్లో నూతిలో పడి పోయిందని చెప్పుకునే పెద్దమ్మ? ఒక్కోసారి ఆ పాత కథల అడుగునే ఈ జబ్బు దొరుకుతుంది.

తొలి కాన్పు కావడం కూడా ప్రమాదాన్ని పెంచుతుందని చాలా అధ్యయనాల్లో మళ్లీ మళ్లీ కనిపించింది. ఎందుకన్నది పూర్తిగా తేలలేదు. ఒకసారి జబ్బు చేసినవాళ్లు మళ్లీ కనకపోవడం వల్ల రెండో కాన్పుల్లో లెక్క తగ్గుతుందని కొంత వివరణ ఉంది. తొలిచూలు శరీరంలో తెచ్చే మార్పులే వేరని మరికొంత. తొలి గర్భంలో బీపీ పెరిగి ప్రీ-ఎక్లాంప్సియా వచ్చినవాళ్లలో కాన్పు తర్వాత మానసిక జబ్బులు తొలిసారి బయటపడటం ఎక్కువని కూడా చూశారు.

ఇక శరీరం లోపల ఏం జరుగుతుంది? మాయ బయటికి రాగానే, గర్భం పొడుగునా కొండంత ఎత్తుకి చేరిన ఈస్ట్రోజన్ అనే హార్మోన్ రెండు మూడు రోజుల్లో పాతాళానికి పడిపోతుంది. జబ్బు మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే కాబట్టి హార్మోనే దోషి అని అందరూ అనుకున్నారు. కానీ ఆ పడిపోవడం ప్రతి బాలింతలోనూ జరుగుతుంది, జబ్బు వెయ్యిలో ఒకరికే వస్తుంది. పైగా, ప్రమాదం ఎక్కువున్న స్త్రీలకి కాన్పు కాగానే ఈస్ట్రోజన్ పట్టీలు వేసి చూస్తే జబ్బు ఆగలేదు. కాబట్టి హార్మోన్ పడిపోవడం అగ్గిపుల్ల లాంటిదైతే కావచ్చు, అంటుకునే గడ్డి ముందే ఉండాలి. రోగనిరోధక వ్యవస్థ వైపు కూడా చూపు మళ్లింది. గర్భంలో బిడ్డని పరాయిదిగా ఎంచి దాడి చేయకుండా తగ్గి ఉన్న ఆ వ్యవస్థ, కాన్పు తర్వాత ఒక్కసారిగా లేస్తుంది. థైరాయిడ్ మీద శరీరమే దాడి చేసే జబ్బు ఈ తల్లుల్లో మామూలు బాలింతల కంటే ఎక్కువగా కనిపించింది. అందుకే ఈ లక్షణాలతో వచ్చిన ప్రతి బాలింతకీ థైరాయిడ్ పరీక్ష చేయించాలి.

నిద్ర గురించి మాత్రం నేను ఎంత చెప్పినా తక్కువే అనుకుంటాను. బైపోలార్ స్వభావం ఉన్న మెదడుకి నిద్ర కరువవడమే మేనియాకి తలుపు తీయడం. నొప్పులతో రెండు రాత్రులు, ఆసుపత్రిలో లైట్ల కింద రెండు రాత్రులు, ఇంటికొచ్చాక రెండు గంటలకోసారి పాలు, పగలంతా చూడటానికి వచ్చే చుట్టాలు. నాలుగైదు రోజుల్లో నిద్ర బాకీ తీర్చలేనంత పేరుకుపోతుంది. నిద్ర పట్టకపోవడం జబ్బుకి కారణమూ అవుతుంది, మొదటి లక్షణమూ అవుతుంది. తేడా కనిపెట్టడానికి ఒక చిన్న గుర్తు ఉంది. మామూలు బాలింత పిల్లాడు పడుకుంటే చాలు, కూర్చున్నచోటే కునుకు తీస్తుంది. అవకాశం ఉండి కూడా నిద్ర పట్టక, పైగా నాకు నిద్ర అక్కర్లేదు అంటూ హుషారుగా ఉన్న బాలింతని చూస్తే అనుమానించాలి. పిల్లాడు ఏడవకపోయినా మూడు రాత్రులుగా మెలకువగా ఉంటే, నాలుగో రాత్రి దాకా ఆగొద్దు.

కొన్ని మందులు కూడా ఈ తలుపు తోస్తాయి. పాలు ఆపడానికి ఇచ్చే బ్రోమోక్రిప్టిన్, క్యాబర్గోలిన్ లాంటివి మెదడులో డోపమిన్ అనే రసాయనం పనిని పెంచుతాయి. సైకోసిస్ చరిత్ర ఉన్నవాళ్లకి అవి ఇచ్చేముందు ఆలోచించాలి. ఆ చరిత్ర చెప్పకపోతే ఆలోచించేదెలా?

సైకోసిస్ లాగే కనిపించి, సైకోసిస్ కానివి కొన్ని ఉన్నాయి. మన ప్రాంతంలో వాటిని ముందు తీసేయాలి. పురిటి ఇన్‌ఫెక్షన్‌తో జ్వరం వచ్చి పలవరించడాన్ని మన పెద్దలు సన్నిపాతం అనేవారు. అది మానసిక జబ్బు కాదు, యాంటీబయాటిక్ అవసరమైన అత్యవసర స్థితి. ఇంకొకటి, మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడం. కాన్పు తర్వాత వారాల్లో రక్తానికి గడ్డకట్టే గుణం ఎలాగూ ఎక్కువ. దానికి తోడు మన ఇళ్లలో బాలింతకి నీళ్లు ఎక్కువిస్తే పొట్ట పెరుగుతుందనీ, ఒంటికి నీరు పడుతుందనీ గ్లాసులు లెక్కపెట్టి ఇస్తారు. మే నెల ఎండలో, తలుపులు మూసిన గదిలో, కారప్పొడి అన్నం తిని పాలిచ్చే మనిషికి రోజుకి రెండు గ్లాసుల నీళ్లు! ఆ పొడిబారిన ఒంట్లో రక్తం చిక్కబడటం వింత కాదు. తీవ్రమైన తలనొప్పి, ఫిట్స్, ఒక చెయ్యో కాలో పడిపోవడం, వీటితోపాటు అయోమయం ఉంటే నేరుగా స్కానింగ్ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లాలి. వెల్లుల్లి కారానికీ వాము పొడికీ నేను వ్యతిరేకిని కాను, నీళ్ల దగ్గర పిసినారితనానికి మాత్రం వ్యతిరేకినే.

కారణం కానివాటి గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే నిందలన్నీ వాటి మీదే పడతాయి. ఆడపిల్ల పుట్టిందని మనసులో పెట్టుకుని ఇలా అయిపోయింది అంటారు. ఆడపిల్ల పుట్టినందుకు ఇంట్లో ఎదురయ్యే చిన్నచూపుకీ డిప్రెషన్‌కీ సంబంధం ఉందని గోవాలో తల్లుల మీద జరిగిన అధ్యయనం 2002లోనే చూపించింది. సైకోసిస్‌కి మాత్రం అలాంటి కష్టాలకీ గొడవలకీ గట్టి సంబంధం కనిపించలేదు. అత్తగారు ఎంత మంచిదైనా, మొగుడు ఎంత ప్రేమగా చూసుకున్నా ఇది రావచ్చు. గొడవలున్న ఇంట్లో రాకపోనూ వచ్చు. రెండో నింద వెన్నుకిచ్చిన ఇంజెక్షన్ మీద. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. మత్తు ఇంజెక్షనే ఈ జబ్బు తెచ్చేదైతే మనం వీధికొకరిని చూసేవాళ్లం. ఇక మూడో నింద, తల్లికి బిడ్డ మీద ప్రేమ లేదనడం. దీనికి జవాబు చెప్పడం కూడా అనవసరం అనిపిస్తుంది గానీ, ఆ మాట విన్న బాలింత కోలుకున్నాక కూడా ఏళ్ల తరబడి మోస్తుంది.

ఇంకో భయాన్ని విడదీయాలి. "బాబుని కింద పడేస్తానేమో, కత్తి చేతిలో ఉంటే ఏం చేస్తానో" అని తనకు తానే హడలిపోయే తల్లులున్నారు. ఆ ఆలోచన వచ్చినందుకే ఏడుస్తారు, కత్తి దాచేయమంటారు, బిడ్డకి దూరంగా కూర్చుంటారు. అది చాలావరకు ఆందోళన, ఓసీడీ (వద్దన్నా అదే ఆలోచన మళ్లీ మళ్లీ వచ్చి వేధించే జబ్బు) తరహా ఇబ్బంది. ఆ ఆలోచన వాళ్లకి పరాయిది, దాన్ని చూసి భయపడుతున్నారు. సైకోసిస్‌లో అలా కాదు. ఆలోచన తనదే అనిపిస్తుంది, నిజమనిపిస్తుంది. వీడు దేవుడు, వీణ్ని తిరిగి పంపాలి. వీడికి శాపం ఉంది, కష్టపడకుండా కాపాడాలి. అక్కడ భయం ఉండదు, నమ్మకం ఉంటుంది. ఆ నమ్మకం మాటల్లో వినపడిన రోజే తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తల్లి తన ప్రాణం తీసుకునే ప్రమాదం కూడా ఇందులో ఉంది.

ఎక్కడైనా ఘోరం జరిగితే "కన్నతల్లే కసాయిగా" అని హెడ్డింగు పెట్టే మన పేపర్లకి ఒక పాత కేసు గుర్తుచేయాలనిపిస్తుంది. అమెరికాలోని హ్యూస్టన్‌లో ఆండ్రియా యేట్స్ అనే తల్లికి నాలుగో బిడ్డ తర్వాత, 1999లో, తీవ్రంగా జబ్బు చేసింది. ఆత్మహత్యకి ప్రయత్నించింది. ఇంకో బిడ్డ వద్దని సైకియాట్రిస్టు హెచ్చరించారు. 2000 చివర్లో ఐదో బిడ్డ పుట్టింది, జబ్బు మళ్లీ వచ్చింది. 2001 జూన్‌లో సైకోసిస్ మందు ఆపేసిన కొద్ది రోజులకే ఐదుగురు పిల్లలూ ఆమె చేతిలోనే చనిపోయారు. మొదట జీవితఖైదు వేశారు. ఆ తీర్పు రద్దయి, 2006లో మళ్లీ విచారణ జరిగినప్పుడు మతిస్థిమితం లేని స్థితిలో చేసినందున దోషి కాదన్నారు. బిడ్డ పుట్టి అప్పటికి ఆరు నెలలు దాటింది కాబట్టి ఇది పాఠ్యపుస్తకంలోని పోస్ట్‌పార్టమ్ సైకోసిస్ కాకపోవచ్చు. కానీ ముందు కాన్పు చరిత్ర, మళ్లీ గర్భం, ఆపేసిన మందు, ఒంటరిగా వదిలిన గంట, అన్నీ వరుసగా కాగితం మీద ఉన్నాయి.

అలాంటి ముగింపు అరుదు. సకాలంలో పట్టుకుంటే ఇది బాగా లొంగే జబ్బు. సైకోసిస్‌ని తగ్గించే యాంటీసైకోటిక్ మందులు, లిథియం, మరీ తీవ్రంగా ఉంటే ఈసీటీ (మత్తిచ్చి మెదడుకి స్వల్పంగా కరెంటు ఇచ్చే చికిత్స). ఎక్కువమంది వారాల్లో, కొందరు నెలల్లో పూర్తిగా కోలుకుంటారు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో తల్లినీ బిడ్డనీ కలిపి చేర్చుకునే వార్డు 2009లో మొదలైంది, దేశంలో అలాంటిది అదే మొదటిది. ఆ వసతి లేనిచోట కూడా చట్టం ఒకటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆసుపత్రిలో చేరిన తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డని మామూలుగా వేరు చేయకూడదు. తల్లి వల్ల బిడ్డకి హాని ఉందని సైకియాట్రిస్టు భావిస్తేనే, అదీ తాత్కాలికంగా. దారి తోచనివాళ్లు ఏ వేళలోనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బిడ్డ మార్చేశారనో దేవుడనో అనడం మొదలైతే మాత్రం ఫోన్ దగ్గర ఆగకుండా బయల్దేరాలి.

ఇప్పుడు మన క్యాలెండరు చూడండి. మామూలు కాన్పయితే రెండు మూడు రోజుల్లో డిశ్చార్జి. పదకొండో రోజు పురిటిస్నానం. ఇరవై ఒకటో రోజు బారసాల. జబ్బు ఎక్కువగా మొదలయ్యేది ఆసుపత్రి గేటు దాటాక, పురిటిస్నానానికి అటూ ఇటూ. అప్పుడు డాక్టరు చూడదు, నర్సు చూడదు. చూసేది అమ్మమ్మ. అందులోనూ తొలి కాన్పు పుట్టింట్లో. అమ్మాయిని ఏళ్లుగా చూస్తున్న సైకియాట్రిస్టు హైదరాబాదులో, పాత చీటీలు అత్తారింట్లో, కాన్పు నర్సరావుపేటలోనో నిర్మల్‌లోనో. ఆ మొదటి రాత్రే ఎవరికి ఫోన్ చేయాలో తెలియక మూడు రోజులు పోతాయి. పుట్టింటికి సామాను సర్దేటప్పుడు స్కానింగ్ రిపోర్టులతో పాటు ఆ ఫైలు కూడా సంచిలో పెట్టుకుంటే, ఊళ్లోనో పక్క టౌన్లోనో ఒక సైకియాట్రిస్టుని ఏడో నెలలోనే కలిసి పెట్టుకుంటే, ఆ మూడు రోజులు మిగులుతాయి.

అత్తగారి ముందు చెప్పలేకపోతే డాక్టరుతో ఒక్కదాన్నే మాట్లాడాలని అడగవచ్చు. గైనకాలజిస్టులకి నా విన్నపం కూడా అదే: ఏదో ఒక వంకతో చుట్టాలని రెండు నిమిషాలు బయటికి పంపి, ఆ ప్రశ్న మళ్లీ అడగండి.

ఒకసారి జబ్బు చేసి కోలుకున్న ఆమె రెండో బిడ్డ గురించి అడగడానికి వచ్చినప్పుడు చెప్పాల్సింది "వద్దు" అన్న మాట కాదు. సగానికి సగం అంటే, రాకపోవడానికీ సగం అవకాశం ఉంది, మందుతో ఆ రాకపోయే అవకాశాన్ని ఇంకా పెంచవచ్చు. తొలిసారి ఇలా వచ్చినవాళ్లలో 40 శాతానికి పైగా మందికి కాన్పులప్పుడు తప్ప జీవితంలో మరెప్పుడూ ఈ జబ్బు రాదు. అలాంటివాళ్లలో కొందరు గర్భం పొడుగునా ఏ మందూ లేకుండా ఉండి, కాన్పు కాగానే మొదలుపెట్టేలా డాక్టర్లు ప్లాన్ వేస్తారు. ప్లాన్ ఒక పేజీ ఉంటుంది. రాత్రి పాలు ఎవరు పట్టాలి, ఆమె ఏకబిగిన ఎన్ని గంటలు పడుకోవాలి, చుట్టాలు ఎన్నో రోజు నుంచి రావచ్చు, మాట వేగం పెరిగితే ముందు ఎవరికి ఫోన్ చేయాలి. దాని కింద భర్త సంతకం, తల్లి సంతకం. లేబర్ రూము నుంచి వార్డుకి మార్చిన ఆ సాయంత్రమే నర్సు మొదటి మాత్ర తెచ్చి ఇస్తుంది. బాబుని అమ్మమ్మ ఒళ్లోకి తీసుకుంటుంది, లైటు తీసేస్తారు, తలుపు దగ్గరగా వేస్తారు.